భీమిలి మొగకు కొండమీద కాపలా

శృంగవరపుకోట దాటి కాశీపట్నం మీదుగా ముందుకెళ్తే మైదానం ఒక్కసారిగా ఆగిపోతుంది. అక్కణ్నుంచి అంతా కొండే. రోడ్డు మెలికలు తిరుగుతుంది. గాలి చల్లబడుతుంది. చెట్ల చాటున ఎక్కడో రైలు కూత వినిపిస్తుంది. అదే టైడా... విశాఖపట్నానికి సుమారు 75 కిలోమీటర్ల దూరంలో, అరకు దారిలో పలకరించే చిన్న కొండ ఊరు. పర్యాటకాభివృద్ధి సంస్థ అడవిలో కట్టిన ‘జంగిల్ బెల్స్’ కుటీరాలతో ఈ పేరు నలుగురికీ తెలిసింది.

అరకు వెళ్లేవాళ్లలో చాలామంది టైడాను కిటికీలోంచి చూసి వెళ్లిపోతారు. ఆగినవాళ్లకు మాత్రం రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. ఒకటి పిట్టలది, రెండోది గెడ్డది. ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటారు. వానాకాలంలో గెడ్డ రంగు చూస్తే చాలు, కొండ ఎలా ఉందో చెప్పొచ్చు. వాన వెలిశాక త్వరగా తేటపడిందంటే పైన అడవి ఉన్నట్టు. ఎర్రగా, చిక్కగా పారుతోందంటే ఎవరిదో చేను కోసుకుపోతున్నట్టు. ఆ ఎర్రనీళ్ల కథ కొండ దిగగానే అయిపోదు. సముద్రం దాకా సాగుతుంది.

ఆవు పొదుగు నుంచి కడలి దాకా

టైడా ఉన్నది అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది విశాఖ జిల్లాలోనే ఉండేది. గోస్తనీ నది పుట్టింది ఈ అనంతగిరి కొండల్లోనే. బొర్రా గుహల్లోంచి పారుతుంది. గుహ కప్పు నుంచి వేలాడే సున్నపురాతి ధారలు ఆవు పొదుగులా కనిపించబట్టే నదికి ఆ పేరు వచ్చిందంటారు.

కొండ దిగిన గోస్తని తాటిపూడి జలాశయంలో కాసేపు ఆగుతుంది. విజయనగరం జిల్లా పొలాలకు తడి ఇస్తుంది. విశాఖ నగరానికి తాగునీరూ ఇస్తుంది. అక్కణ్నుంచి 1794లో యుద్ధం జరిగిన పద్మనాభం మీదుగా సాగి భీమునిపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం ప్రయాణం సుమారు 120 కిలోమీటర్లు. గోదావరితో పోలిస్తే ఇదెంత? కానీ విశాఖలో కుళాయి తిప్పే ఇల్లాలికీ, భీమిలి మొగలో వల విసిరే మత్స్యకారుడికీ ఇది పెద్ద నదే.

నది సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అక్కడి నీళ్లు పూర్తిగా తియ్యనా కావు, పూర్తిగా ఉప్పనా కావు. సముద్రపు చేపలూ రొయ్యలూ ఎన్నో పిల్లదశలో ఇలాంటి నీళ్లలోనే తలదాచుకుంటాయి. తిండి దొరుకుతుంది, పెద్ద చేపల బెడద తక్కువ. ఒకరకంగా మొగ అంటే సముద్రానికి పురిటిల్లు. అక్కడ నీళ్లు పాడైతే రేపటి వేట పాడైనట్టే.

చేను దాటిన ఎరువు

మొగ ఎలా పాడవుతుంది? ఊళ్ల మురుగు ఒక కారణం. పొలాల నుంచి వచ్చే నీరు మరొకటి. చేలో వేసిన ఎరువు మొత్తం మొక్కకు అందదు. యూరియాలోని నత్రజని నేలలో నైట్రేటుగా మారి నీళ్లలో తేలిగ్గా కరిగిపోతుంది. భాస్వరం అలా కాదు. అది మట్టిరేణువును పట్టుకుని ఉంటుంది. మట్టి కదిలితే దాంతోపాటే కదులుతుంది. అందుకే నత్రజనిని ఆపాలంటే ఎరువును కొలిచి వేయాలి. భాస్వరాన్ని ఆపాలంటే మట్టిని పట్టి ఉంచాలి.

ఈ రెండూ మొగకు చేరితే నాచుకు పండగే. విపరీతంగా పెరిగి నీళ్లను పచ్చగా కప్పేస్తుంది. చచ్చాక అడుగుకు చేరి కుళ్లుతుంది. ఆ కుళ్లే క్రమంలో నీటిలోని ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. మొగలో బరువైన ఉప్పునీరు కిందా, తేలికైన మంచినీరు పైనా పొరలుగా ఉంటాయి కాబట్టి పైగాలి అడుగుదాకా చేరదు. చేప ఈదుకుంటూ తప్పించుకోవచ్చు. అడుగున ఉండే ఆల్చిప్ప ఎక్కడికి పోతుంది? వేసవిలో చిన్న నదుల మొగలకు ఇసుక మేటలు అడ్డం పడతాయి. అప్పుడు నీళ్లు కదలక ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

కాఫీ నీడలో మన్ను

మళ్లీ కొండెక్కుదాం. ఈ కొండల్లో రసాయన ఎరువుల వాడకం మొదటి నుంచీ తక్కువే. ఇక్కడి గిరిజన రైతుల చేలల్లో చోడి, సామ, కంది, వలిసెలు, అల్లం, పసుపు కనిపిస్తాయి. కాబట్టి ఇక్కడి అసలు సమస్య ఎరువు కాదు, వాలు. నిటారు వాలులో చెట్లు కొట్టి పోడు చేస్తే మొదటి గట్టివానకే పైమట్టి గెడ్డలో పడుతుంది. ఒకప్పుడు పోడు చేసిన చేనును ఏళ్ల తరబడి బీడు వదిలేవారు. అడవి మళ్లీ మొలిచేది. జనం పెరిగి, భూమి తరిగి ఆ విరామం కుదించుకుపోయింది. దుంపపంటల కోసం నేలను తవ్వినప్పుడూ మట్టి వదులవుతుంది. రైతుకు అది పంట నష్టం, తాటిపూడికి పూడిక, భీమిలికి బురద.

దీనికి కొండల్లో దొరికిన జవాబుల్లో కాఫీ ఒకటి. 1960ల్లో అటవీశాఖ ఇక్కడ తోటలు వేసింది. తర్వాత గిరిజన సహకార సంస్థ, పాడేరు ఐటీడీఏ, కాఫీ బోర్డు కలిసి గిరిజనుల సొంత భూముల్లోకి తెచ్చాయి. ఇక్కడి కాఫీ నీడలో పెరుగుతుంది. పైన సిల్వర్ ఓక్ చెట్టు, దాన్ని పట్టుకుని మిరియాల తీగ, కింద కాఫీ మొక్క, నేల మీద రాలిన ఆకుల పరుపు. వాన చినుకు నేరుగా నేలను కొట్టదు. ఆకుల మీద పడి, నెమ్మదిగా జారి ఇంకుతుంది. మట్టి కదలదు. 2017లో ప్యారిస్‌లో దుకాణం తెరిచిన అరకు కాఫీకీ, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరబికాకీ ఈ నీడే పెట్టుబడి.

దీనికి తోడు వాలుకు అడ్డంగా దున్నడం, కాంటూరు గట్లు వేయడం, మెట్ల పొలాలు కట్టడం, గెడ్డకు రెండువైపులా కొన్ని గజాల మేర పొదలను కొట్టకుండా వదిలేయడం... ఏదీ కొత్త విద్య కాదు. గట్టున పెరిగిన గడ్డీ పొదా జల్లెడలా పనిచేస్తాయి. మట్టిని పట్టుకుని నీటిని వదులుతాయి.

పళ్లు కడిగిన నీళ్లు

కాఫీతో చిక్కు లేదా అంటే ఉంది. పండిన కాయలను మరలో వేసి తొక్క తీస్తారు. గింజకు అంటుకున్న జిగురును పులియబెట్టి కడుగుతారు. ఆ కడిగిన నీళ్లలో చక్కెరలుంటాయి, పులుపు ఉంటుంది. అవి గెడ్డలో కలిస్తే కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును లాగేస్తాయి. పైగా కోతలు నవంబరు తర్వాత ముమ్మరమవుతాయి. గెడ్డలు సన్నబడేదీ అప్పుడే. సేంద్రియ పంట అయినంత మాత్రాన ఏట్లో కలిపితే కాలుష్యం కాకుండా పోదు. గెడ్డ ఒడ్డున పోసిన పేడకుప్పకూ ఇదే వర్తిస్తుంది.

నివారణ మాత్రం సులువే. తక్కువ నీటితో పనిచేసే పల్పర్లు వచ్చాయి. కడిగిన నీటిని ఇంకుడు గుంటలోకి మళ్లించవచ్చు. తొక్కలను పేడతో కలిపి కంపోస్టు చేస్తే మళ్లీ తోటకే ఎరువవుతుంది. గెడ్డకు విషమైంది చెట్టుకు భోజనమన్నమాట.

పురుగు తెచ్చిన పరీక్ష

2025 ఆగస్టులో ఈ కొండలకు కొత్త కష్టం వచ్చింది. అరకు లోయ మండలంలోని తోటల్లో కాఫీ కాయతొలుచు పురుగు బయటపడింది. కాయలోకి దూరి గింజను తినేసే ఈ పురుగు అంతకుముందు ఇక్కడ లేదు. అధికారులు పురుగు సోకిన కాయలను కోయించి, మరిగే నీటిలో వేసి పూడ్పించారు. రైతులకు పరిహారం ప్రకటించారు.

పంట పోతుందన్న భయంలో రైతు చెయ్యి ముందు వెళ్లేది మందు డబ్బా మీదికే. ఆ చెయ్యిని తప్పు పట్టలేం. అప్పు అతనిది, ఇల్లు అతనిది. కానీ వాలులో కొట్టిన మందు వానకు ఎటు పోతుందో వేరే చెప్పనక్కర్లేదు. కోత అయ్యాక చెట్టు మీదా నేల మీదా ఒక్క కాయ మిగలకుండా ఏరడం, ఎర బుట్టలు పెట్టడం, పురుగును చంపే బవేరియా శిలీంద్రాన్ని చల్లడం లాంటి దారులున్నాయి. వీటికి కూలీలు ఎక్కువ కావాలి. ఆ ఖర్చును రైతు ఒక్కడి నెత్తినే వేస్తే పని జరగదు. కింద నీళ్లు తాగేవాళ్లందరి తరఫునా ప్రభుత్వం పంచుకోవాల్సిన ఖర్చది.

శుభ్రం చేయడం కన్నా...

పాడుచేసుకుని బాగుచేసుకోవడం ఎంత కష్టమో అమెరికాలోని చెసపీక్ అఖాతం చెబుతుంది. పొలాల నుంచి వచ్చే నత్రజని, భాస్వరాలను తగ్గించడానికి అక్కడి రాష్ట్రాలు 1983లో ఒప్పందం చేసుకున్నాయి. 2010లో గట్టి పరిమితులు వచ్చాయి, 2025 గడువుగా నిర్ణయమైంది. నాలుగు దశాబ్దాలు గడిచినా లక్ష్యం పూర్తిగా నెరవేరలేదు. నల్ల సముద్రం కథ వేరు. సోవియట్ కూటమి కూలి 1990ల్లో ఎరువుల వాడకం ఒక్కసారిగా పడిపోయింది. కొన్నేళ్లకే అక్కడి ప్రాణవాయువు లేని ప్రాంతం కుదించుకుపోయింది. పైనుంచి రావడం ఆగితే నీళ్లు కోలుకుంటాయన్నమాట.

మైదానంలో రైతూ ఇందులో భాగస్వామే. భూసార పరీక్ష చూసి ఎరువు వేయడం, ఒకేసారి గుమ్మరించకుండా విడతలుగా వేయడం, మబ్బు పట్టినప్పుడు ఆగడం... అన్నీ డబ్బు మిగిల్చేవే. 2015లో కేంద్రం యూరియాకు వేపపూత తప్పనిసరి చేసింది కూడా నత్రజని నెమ్మదిగా విడుదలై మొక్కకు అందాలనే. రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి సేద్యానికి 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారం దక్కింది. ఆ ఏడాది విజేతలు ముగ్గురిలో అదొకటి. ఆ సేద్యంలో చెప్పే మొదటి మాట నేలను ఏడాది పొడవునా పచ్చగా కప్పి ఉంచమనే. టైడా కొండల్లోని కాఫీ తోట చేస్తున్నదీ అదేగా!

వానలు తగ్గాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ కొండలు చూడ్డానికి మంచికాలం. నవంబరు, డిసెంబరుల్లో అరకు వైపు వలిసె పూలు పసుపుపచ్చగా పరుచుకుంటాయి. పిల్లలతో వెళ్తే టైడాలో కాసేపు ఆగండి. గెడ్డ దగ్గరకు తీసుకెళ్లి, ఇలాంటి గెడ్డలే కలిసి నదులవుతాయనీ, ఈ కొండల నీళ్లే నగరంలో మన కుళాయికి వస్తాయనీ చెప్పండి. దారిలో కాఫీపొడి కొనేటప్పుడు నీడతోటలో పండిందేనా అని అడగండి. నలుగురూ అడిగితే ఆ నీడకూ ఓ ధర పలుకుతుంది. ఆ ధర పలికినంత కాలం చెట్టు నిలుస్తుంది.