బండి వెళ్లిపోయింది, మరి పేరు?

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లకి సలహాలు చెప్పేవాళ్లు వీధికి పది మంది. ఇంజిన్ సౌండ్ విను, టైర్లు చూడు, మీటరు తిప్పారేమో కనుక్కో అంటూ. అమ్మేవాళ్లకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. మోసపోతే కొన్నవాడే మోసపోతాడని అందరి లెక్క. మోకాళ్ల నొప్పులతో నాన్న డ్రైవింగ్ మానేశాక, ఖమ్మంలో ఇంటి ముందు ఊరికే ఉన్న స్విఫ్ట్‌ని అమ్మే పని నా మీద పడింది. అప్పుడు తెలిసింది, ఆ లెక్క ఎంత తప్పో.

యాప్‌లో ఫొటోలు పెట్టిన పది నిమిషాలకే ఫోన్. హిందీలో మాట్లాడాడు. ఆర్మీలో ఉన్నాడట, జమ్మూలో డ్యూటీ అట. కారు చూడలేదు, బేరం ఆడలేదు, చెప్పిన రేటుకి ఓకే అన్నాడు. యూనిఫాంలో ఉన్న ఫొటో, ఐడీ కార్డు వాట్సాప్‌లో వచ్చేశాయి. తర్వాత ఒక క్యూఆర్ కోడ్. ‘స్కాన్ చేసి పిన్ కొట్టండి మేడమ్, పది వేలు అడ్వాన్స్ మీ ఖాతాలో పడతాయి’ అన్నాడు.

మనకి డబ్బు రావడానికి మన పిన్‌తో పనే లేదు. పిన్ కొట్టామంటే డబ్బు పంపుతున్నామనే. ‘మా క్యూఆర్ పంపుతా, మీరే కొట్టండి సార్’ అన్నా. లైన్ కట్.

‘పాపం, మిలిటరీ అబ్బాయి. అట్లా అనుమానిస్తే ఎట్లమ్మా?’ అన్నాడు నాన్న. దేశమంతా పాతబడిన ట్రిక్కు ఇది. అయినా ఇంకా నడుస్తోందంటే, మా నాన్నలాంటి వాళ్లకి సైనికుడంటే ఉన్న గౌరవం వల్లే. ఎవరైనా అలా పిన్ కొట్టేసి ఉంటే, ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

నిజం చెప్పాలంటే ఆ ఫోన్‌వాడు నన్నేమీ భయపెట్టలేదు. భయపెట్టింది మర్యాదగా ఇంటికొచ్చి, టీ తాగి, నోట్ల కట్ట బల్ల మీద పెట్టినాయన. అందరికన్నా ఐదు వేలు ఎక్కువే ఇస్తానన్నాడు. ఒకటే షరతు. ఫారం 29, 30 మీద నాన్న సంతకాలు కావాలి. కొనేవాళ్ల పేరు, తేదీ ఖాళీగా వదిలేయాలి. ‘ఆర్సీ మెల్లగా మార్పించుకుంటాం, అందరూ ఇట్లనే చేస్తరు’ అన్నాడు. నేను ప్రశ్నలు మొదలుపెట్టేసరికి ‘మీకెందుకు మేడమ్ ఇవన్నీ, నాన్నగారితో మాట్లాడతా’ అని అటు తిరిగాడు.

అందరూ ఇట్లనే చేస్తారన్నది అబద్ధం కాదు. ఆ కాగితాలతో బండిని ఇంకొకరికి, వాళ్లు మరొకరికి అమ్ముకుంటూ పోతారు. ఆర్సీలో మాత్రం మొదటి పేరే ఉంటుంది. అలా చేతులు మారిన కారు యాక్సిడెంట్ చేసిన కేసులో, ఆర్సీలో పేరున్న వ్యక్తే చట్టం దృష్టిలో యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పరిహారం బాధ్యత, ఎప్పుడో అమ్మేసుకున్న ఆయన మీదే పడింది. ఇది చెప్పినా నాన్న కళ్లు నోట్ల కట్ట మీదే ఉన్నాయి. 2025 నవంబరులో ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారు సంగతి గుర్తుచేశా. అదీ చేతులు మారిన బండే. దాన్ని ఎప్పుడో అమ్మేసిన పాత యజమానిని పోలీసులు పట్టుకెళ్లి ప్రశ్నించారు. నాన్న ఇంకేం మాట్లాడలేదు. ఆ నోట్ల కట్టని మెల్లగా ఆయన వైపే జరిపాడు.

చివరికి కొన్నది కొత్తగూడెం నుంచి వచ్చిన ఒక స్కూల్ టీచర్. బేరం గట్టిగా ఆడాడు. నాకదే ధైర్యం ఇచ్చింది, నిజంగా కొనేవాడు గీతలు కూడా లెక్కపెడతాడు కదా. టెస్ట్ డ్రైవ్‌కి లైసెన్స్ చూశా, పక్క సీట్లో నేనే కూర్చున్నా. డబ్బు పంపానని స్క్రీన్‌షాట్ చూపిస్తే సరేనన్నా కానీ, బ్యాంకు యాప్‌లో నాన్న ఖాతా బ్యాలెన్స్ పెరిగేదాకా తాళం చేతికివ్వలేదు. అప్పగించిన తేదీ, టైము, మీటరు రీడింగ్ రాసి ఇద్దరి సంతకాలు తీసుకున్నాం. ఆ నిమిషం తర్వాత పడే చలానా ఎవరిదన్న వాదన రాకుండా. ఆధార్ జిరాక్స్ మీద అడ్డంగా ‘ఈ కారు బదిలీకి మాత్రమే’ అని రాశా. ఫాస్టాగ్ మూసేయించా, లేకపోతే ఆయన టోల్ దాటిన ప్రతిసారీ నాన్న డబ్బులే కట్ అవుతాయి. ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మనిషిది. అది నాన్న పేరునే ఉంచమని కంపెనీకి లెటర్ పెట్టా.

రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాళ్లు, 30 రోజుల్లో కొన్నవాళ్లు ఆర్టీఏకి తెలియజేయాలని చట్టం. మేం ఆ వారంలోనే ఇద్దరం కలిసి పేపర్లు పెట్టేశాం. ఆ తర్వాత రోజూ రాత్రి నాన్న ఫోన్, ‘పేరు మారిందా అమ్మా?’ అని.

పన్నెండో రోజు మారింది. స్క్రీన్‌షాట్ పంపా. చూసి వెంటనే ఫోన్ చేశాడు.

‘స్టెప్నీ టైరు కొత్తదని ఆ సారుకి చెప్పినవా?’