కావేరి

నటేశన్ నగర్‌లో మా వాటా రెండవ అంతస్తులో. అక్కడ గుర్రానికి చోటెక్కడిది? అందుచేత కావేరిని ఆరోవిల్ సమీపపు ఎర్రమట్టి నేలలో ఒక అశ్వశాలలో ఉంచి, మేమిద్దరమూ తెల్లవారకముందే స్కూటరుపై చేరుకొనేవారము. చెవికొనలు ఒకదానినొకటి తాకే మార్వారీ ఆడుగుర్రమది.

దూరపు స్వారీలో వేగమొక్కటే చాలదు. అంతర్జాతీయ పోటీలలో ఒక్కరోజున 160 కిలోమీటర్లు సాగుతారు. మజిలీ మజిలీకీ పశువైద్యులు నాడి చూస్తారు. అది గడువులోగా నిమిషానికి 64కు దిగకపోతే, ముందు వచ్చిన గుర్రానికీ ఉద్వాసనే. మేము సరదాకు పోయిన దూరం 40 కిలోమీటర్లకు మించలేదు. ఆనాడు పావుగంటలో నాడి 52కు దిగింది. ఏ యంత్రపు ట్రయల్ రన్నూ మాకంత సంతోషమీయలేదు!

2019 ఏప్రిల్‌లో ఒక రాత్రి దానికి శూల వచ్చింది. గుర్రం వాంతి చేసుకొనజాలదు. సేఫ్టీ వాల్వు లేని బాయిలరు వంటిది దాని పొట్ట. వైద్యుడు గొట్టం వేసి చూశాడు. రాత్రంతా నడిపించాము. తెల్లవారుజామున కూలబడి మరి లేవలేదు.

ముందునాడు దాణా ఒక్కసారిగా మార్చినది మేమే, మేలైనదని తలచి.

జీను మా వసారాలోనే ఉన్నది. ఏటా ఆయుధపూజనాడు దానికి నూనె రాస్తాము.