మేఘములోని పద్దు

విద్యార్థులు వ్యాసములు దాచుకొనుటకై మేమొక జాలపుటను మేఘసేవయందు నిలిపితిమి. నెల తిరుగగనే పద్దు వచ్చినది. నిల్వయెంత, గణనకాలమెంత యని యున్నదే గాని, యెవరెంత వాడిరో లేదు. అందఱికిని సమముగా పంచితిమి. నెలకు రెండే వ్యాసములు వ్రాయు నొక పేద బాలుడు మారుమాటాడక రుసుము చెల్లించుట మమ్ము మిక్కిలి బాధించినది.

మేఘమున కొలతలు సూక్ష్మములే. 2014లో వెలువడిన అమెజాన్ లాంబ్డా మొదట 100 మిల్లీసెకన్ల చొప్పున కాలమును లెక్కించెడిది; 2020 డిసెంబరునుండి ఒక్క మిల్లీసెకనే ప్రమాణమైనది. అయినను ఆ లెక్క అనువర్తనము మొత్తమునకు. అందలి మనుష్యుల నది యెఱుగదు. ప్రతి యభ్యర్థనతోడను వాడుకరి గుర్తును జేర్చి చిట్టా వ్రాసికొనుట యజమాని పనియే గదా! అట్లు వ్రాయించి చూడగా, అందఱికంటె హెచ్చుగా వాడినది మా ఖాతాయే. పాఠముల ధ్వనిముద్రణములన్నియు నందే పేర్చియుంటిమి. బాలుని సొమ్ము తిరిగి యియ్యబోగా వాడు పుచ్చుకొనుటకు సంకోచించెను.