గట్టిగా బిగించడం వేరే, సరిగ్గా బిగించడం వేరే

పోస్టు కొంచెం పెద్దదే. ఐటిఐలో మోటార్ మెకానిక్ చదివే తమ్ముళ్లు మాత్రం చివరిదాకా చదవాలని కోరుతున్నాము.

అప్పుడు మేము ముగ్గురం. ఇద్దరం అహోబిలం అడవి పక్క చెంచు గూడెం వాళ్లం, ఒకడు తండా పిల్లోడు. ఐటిఐ అయినాక నంద్యాలలో ఒక షెడ్డులో పనికి కుదిరినాము. మాకు ఇచ్చేవన్నీ బరువు పనులే. గేర్‌బాక్సు దించాలన్నా, తుప్పు పట్టిన నట్టు ఊడదీయాలన్నా మమ్మల్నే పిలిచేవాళ్లు. "అడవిలో పెరిగినోళ్లు, కండ ఉండాది, మీరే పట్టండప్పా" అనేవాళ్లు. కార్బురేటర్ మీద, టైమింగ్ మీద మాత్రం చెయ్యి వేయనిచ్చేవాళ్లు కాదు. కండ ఉందన్న మాటను మేము కూడా పొగడ్తే అనుకున్నాము. అందులో "మీకు లెక్క తెలీదు" అన్న మాట కూడా దాగి ఉందని చాలా రోజులకు గాని అర్థం కాలేదు.

ఒకరోజు ఒక పెద్దాయన వాళ్ల నాయన కాలం నాటి పెట్రోల్ అంబాసిడర్ తెచ్చినాడు. ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. ఆయన దగ్గర ఉన్నది పాత 1489 సి.సి. ఇంజిన్. మానిఫోల్డు ప్యాకింగ్ పోయి గాలి పీలుస్తోందని విప్పినారు. కొత్త ప్యాకింగ్ పెట్టినాక మేస్త్రీ మమ్మల్ని పిలిచి "గట్టిగా బిగించండి" అన్నాడు. అంతే చెప్పినాడు. మేము ఒక చివర నుంచి మొదలుపెట్టి, పానాకు చిన్న పైపు తొడిగి వరసగా బిగించుకుంటూ పోయినాము. ఒక మందపాటి వాషరు కనబడకపోతే డబ్బాలో దొరికిన పలుచని వాషరు వేసినాము. చివరి నట్టు తిరుగుతూ తిరుగుతూ మెత్తబడినట్టు అనిపించింది. బిగిసిందిలే అనుకున్నాము.

మర్నాడు ఆళ్లగడ్డ నుంచి ఫోన్. అహోబిలం పోదామని బయలుదేరిన కారు, ఊర్లో రద్దీలో నిదానించగానే గుర్రు గుర్రుమని ఆగిపోతాందంట. షెడ్డులో "బిగించింది మీరే గదా, మీరే పోండి, జీతంలో పట్టుకుంటాము" అన్నారు. ముగ్గురం సంచి తీసుకొని బస్సెక్కినాము. నలభై కిలోమీటర్ల దారిలో ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఆళ్లగడ్డలో ఆ కారును ఒక ముసలి మెకానిక్ షెడ్డు ముందర నిలిపి ఉన్నారు. మేము పోగానే పానా తీసినాము. ఆ తాత మా చెయ్యి పట్టుకొని, "కాలుతున్న ఇంజిన్ మీద మానిఫోల్డు ముట్టుకోకూడదు నాయనా. చల్లారనీయండి. నిమ్మళంగా కూర్చోండి" అన్నాడు. టీ తెప్పించినాడు. పక్కనే శిల్పులు రాయి చెక్కుతున్న చప్పుడు. ఆళ్లగడ్డ శిల్పాలంటే తెలియనిదెవరికి? ఆయన అటు చూపించి, "వాళ్లకు బలం లేకనా అంత చిన్నగా కొట్టేది?" అన్నాడు. మేము తల వంచుకున్నాము.

చల్లారినాక ఆయన చేతులు కట్టుకొని నిలబడి మాతోనే అంతా చేయించినాడు. ఆ రోజు నేర్చుకున్నది ఇదీ.

ఈ ఇంజిన్‌కు గాలి లోపలికి పోయే మానిఫోల్డు, పొగ బయటికి వచ్చే మానిఫోల్డు రెండూ ఒకే పక్క ఉంటాయి. పక్కపక్క చెవులు రెండింటినీ ఒకే నట్టు, ఒకే మందపాటి వాషరు నొక్కి పట్టుకుంటాయి. పలుచని వాషరు వేస్తే అది పళ్లెం మాదిరి వంగి, ఒక చెవినే నొక్కుతుంది, రెండోది వదులు. మేము చేసిన తప్పు అదే. నాలుగు సిలిండర్లకూ గాలి పోయే దారులు రెండే, కాబట్టి ఒక్క చోట సందు వస్తే రెండు సిలిండర్లు దెబ్బ తింటాయి.

రోడ్డు మీద పోయేటప్పుడు ఎందుకు తెలియలేదు? ఐడిల్‌లో కార్బురేటర్ పళ్లెం దాదాపు మూసుకొని ఉంటుంది, అప్పుడే మానిఫోల్డు లోపల పీల్చే శక్తి ఎక్కువ. ఇంజిన్‌కు కిలో పెట్రోలుకు సుమారు 15 కిలోల గాలి కావాలి. చిన్న సందులో నుంచి దొంగగాలి చేరితే ఐడిల్‌లో ఆ లెక్క తప్పి బండి ఆగిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే అంత తెలియదు.

బిగించే పద్ధతి: ముందు రెండు ముఖాలూ గీకి శుభ్రం చేయాలి. స్టీలు స్కేలు ఆనించి, వెనక లైటు పెట్టి వంకర ఉందేమో చూడాలి. నట్టు వేళ్లతోనే చివరిదాకా పోవాలి. పోకపోతే మర శుభ్రం చేయాలి గాని పానాతో తోయకూడదు. అన్నీ వేళ్లతో పట్టించినాక నడుమ నట్టుతో మొదలుపెట్టి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, బయటికి పోవాలి. ఒకేసారి కాదు, మూడు చుట్లు: మొదట ఆనేదాకా, తర్వాత సగం, తర్వాత పూర్తిగా. ఈ ఇంజిన్ కుటుంబానికి లెక్క సుమారు 15 పౌండ్-అడుగులు, అంటే దాదాపు 2 కిలో-మీటర్లు. జానెడు పానా చివర పది కిలోల బలం, అంతే! వేరే ఇంజిన్ అయితే దాని పుస్తకం చూడాలి. బండి ఒకసారి నడిపి, మళ్లీ చల్లారినాక ఇంకోసారి చూసుకోవాలి. గాలి పీలుస్తోందా అని చూడడానికి సబ్బునీళ్లు చల్లండి. కొందరు పెట్రోలు చల్లుతారు. పక్కనే పొగ మానిఫోల్డు కాలుతుంటుంది, మంటలు లేస్తాయి. ఆ పని చేయొద్దు.

మెత్తగా తిరిగిందన్న ఆ చివరి నట్టు? అది బిగియలేదు, స్టడ్డు మర లాగింది. తాత తన డబ్బాలో నుంచి వేరే స్టడ్డు, మందపాటి వాషరు ఇచ్చినాడు. సాయంత్రం కారు స్టార్ట్ చేస్తే ఐడిల్ నిలబడింది. తాత డబ్బులు తీసుకోలేదు.

కథ ఇక్కడితో బాగుపడి ఉంటే బాగుండేది. షెడ్డులో జీతం కోసినారు. "అడివోళ్లకు పని చెప్తే ఇంతే" అన్న మాట కూడా పడింది. ఆ మాటకు మాలో తండా తమ్ముడు పానా పెట్టేసి వెళ్లిపోయినాడు. మేము ఇద్దరం ఉండిపోయినాము. పాత సామాన్ల అంగడిలో ఒక టార్క్ రెంచ్ కొనుక్కున్నాము. ఇప్పుడు మానిఫోల్డు, హెడ్ బిగించే పని వస్తే మమ్మల్నే పిలుస్తారు.

ఐటిఐలో రెండేళ్లు మేము టార్క్ రెంచ్‌ను అద్దాల బీరువాలోనే చూసినాము. తమ్ముళ్లూ, మీ సార్‌ను అడగండి, బీరువా తెరిపించండి, చేత్తో పట్టుకోండి. మాకు బలం ఉందని ఎవరైనా అంటే సంతోషమే. లెక్క కూడా చెప్పమని అడగండి, అది మీ హక్కు.

చివరగా, ఆ తండా తమ్ముడు ఈ గ్రూపులోనే ఉన్నాడు. కూలి పనికి పోతున్నావని తెలిసింది రా. ఆ రోజు తప్పు ముగ్గురిదీ, పోయింది నువ్వొక్కడివే. నీ పానా షెడ్డులో అట్లే ఉంది. ఒకసారి ఫోన్ చెయ్యి.