సియోల్‌లో కిమ్చి జాడీ

పిల్లలూ, దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో మా అమ్మాయి కాపురం ఉంటున్నది. నేను వెళ్ళేసరికి నవంబరు నెల. అంగళ్ళలో ఎటు చూసినా పొడుగాటి క్యాబేజీల గుట్టలే! చలికాలానికి సరిపడా కిమ్చి పెట్టుకునే రోజులవి. ఈ పనిని వాళ్ళు కిమ్‌జాంగ్ అంటారు. మనం ఆవకాయ పెట్టినట్టే, ఇరుగుపొరుగు కలిసి చేస్తారు. 2013లో యునెస్కో దీన్ని తన వారసత్వాల పట్టికలో చేర్చింది. పూర్వం మట్టిజాడీలను గడ్డకట్టకుండా భూమిలో పాతేవారు. మేడల్లో ఉండేవారు భూమి ఎక్కడ తవ్వుతారు? కిమ్చి కోసమే వేరే ఫ్రిజ్ కొంటున్నారు!

మా అమ్మాయి ఒక సామగ్రి పెట్టె తెచ్చింది. అందులో గాజుజాడీ, బరువైన గాజుబిళ్ళ, నీళ్ళు పోసే చిన్న గొట్టం గల మూత ఉన్నవి. ఆకులకు ఉప్పు పట్టించి, కడిగి, కారం, అల్లం, వెల్లుల్లి పూసి జాడీలో కూరాము. ఉప్పుకు చెడ్డ సూక్ష్మజీవులు అణగిపోతాయి. పాలను తోడుపెట్టేవాటి చుట్టాలు మాత్రం గాలి లేకుండానే బతికి, ఆకులోని చక్కెరను పులుపుగా మారుస్తాయి. అందుకే ఆకులు రసంలో మునిగి ఉండాలి. బిళ్ళ పని అదే.

మరి గొట్టం దేనికి? ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి గదా, అది అనవసరమనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా మామూలు మూత బిగించాను. మూడోనాడు విప్పానో లేదో, బుస్సుమని ఎర్రటి రసం నా చొక్కామీదికీ గోడమీదికీ చిమ్మింది. పులిసేటప్పుడు పుట్టే బొగ్గుపులుసు వాయువుకు దారి నేనే మూశాను!

"తాతయ్యా, లోపలి గాలి బుడగలై పోవాలి, బయటిది రాకూడదు. ఆ నీళ్ళు అందుకే!" అన్నాడు ఎనిమిదేళ్ళ మనవడు. గోడ తుడిచే గుడ్డ కూడా వాడే తెచ్చి నా చేతికిచ్చాడు.