పొయ్యికి తగ్గ గిన్నె, స్పీకరుకి తగ్గ వాల్వు

ఆంప్లిఫయర్ కొనడంలో ఆడవాళ్ళకేం పని అని మీరనుకోవచ్చు. చీటీ కట్టేది నేనైనప్పుడు పని ఉండదా చెప్పండి! వంటింటి గట్టు మార్పిద్దామని నెలనెలా కట్టిన చీటీ అది.

మా తమ్ముడు ఊరు మారుతూ తన స్పీకర్ల జత మాకిచ్చి వెళ్ళాడు. వాటికి వాల్వు ఆంప్లిఫయరే కావాలని మావారి పట్టు. మామగారు కూడా కొడుకు వైపే. ఒకప్పుడు వాళ్ళింట్లో ఉన్న వాల్వు రేడియో, స్విచ్చి వేశాక అది వేడెక్కి గొంతు విప్పేదాకా అందరూ కాచుకుని కూర్చోవడం, ఆ తర్వాత ఘంటసాలగారి పాట... ఆయన చెబుతుంటే కాదనలేకపోయాను. ఎనభై దాటిన మనిషి, ఇంకేం అడుగుతారు? గట్టు సంగతి తర్వాత చూద్దాం గానీ డబ్బు దండగ కాకూడదు అన్నాను.

మావారు మనసు పడ్డది 300బి అనే పెద్ద వాల్వు మీద. వెలిగితే ముచ్చటగానే ఉంటుంది లెండి. కానీ పక్కకి ఒక్కటే పెట్టి చేసిన ఆంప్లిఫయర్ ఇచ్చేది సుమారు 8 వాట్లే. నేను స్పీకరు వెనక్కి తిప్పి చూశాను. 8 ఓమ్స్, 85 డెసిబెల్స్ అని ఉంది. ఈ డెసిబెల్స్ దగ్గరే ఉంది కిటుకంతా. 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో చెప్పే లెక్క అది. వాట్లు రెట్టింపు చేసిన ప్రతిసారీ పెరిగేది 3 డెసిబెల్సే. అంటే 2 వాట్లకి 88, 4కి 91, 8కి 94. ఇంక అంతే! మనం కూర్చునేది మీటరు దూరంలో కాదుగా, హాలు అవతల. ఒక్క గొంతు, ఒక్క వీణ అయితే సరిపోతుంది గానీ డోలు దెబ్బ పడితే శబ్దం చీరుకుపోతుంది. కుంపటి మీద పెళ్ళివంట అన్నమాట. అదే 95 డెసిబెల్స్ స్పీకర్లయితే ఆ 8 వాట్లే ఇల్లంతా నింపేస్తాయి.

ఇ.ఎల్.34 వాల్వులు జంటగా పెడితే 35 వాట్ల దాకా వస్తాయి. పైగా 300బి కన్నా బాగా చవక. వాల్వు ఎప్పటికైనా అరిగిపోయేదే కదా, మళ్ళీ కొనాల్సిన ఖర్చు కూడా చూసుకోవాలి.

స్పీకర్లు ఆటోలో వేసుకుని షాపుకే వెళ్ళాం. అవే పాటలు రెండింటి మీదా వినిపించమన్నాను. నాదస్వరం, డోలు పెట్టగానే మామగారే "ఇదిరా!" అని ఇ.ఎల్.34 వైపు చెయ్యి చూపించారు. మావారు ఇంక మాట్లాడలేదు.

మీ ఇంట్లోనూ కొంటే మాత్రం కొన్ని గుర్తుంచుకోండి. స్పీకరు 8 ఓమ్స్ అయితే తీగ 8 అని రాసిన చోటే బిగించాలి. స్పీకర్లు తగిలించకుండా స్విచ్చి వెయ్యకూడదు, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పాడవుతుంది. వాల్వులు చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. అద్దాల బీరువాలో పెట్టి తలుపు మూయకండి, తడిగుడ్డతో తుడవకండి. చిన్నపిల్లలుంటే పైన జాలీ మూత ఉన్నదే తీసుకోండి. కరెంటంటారా, మాది 150 వాట్లు. రోజుకి రెండు గంటలేస్తే నెలకి 9 యూనిట్లు.

మావారికి 300బి మీద ఆశ చావలేదు. దానికి తగ్గ స్పీకర్లు ఎక్కడైనా దొరుకుతాయేమోనని వాకబు చేస్తున్నారు. వచ్చే చీటీ గట్టుకేనని ముందే చెప్పేశాను.