కండెలోంచి కలం

ఇల్లినాయ్ రాష్ట్రంలో మేముండే బ్లూమింగ్టన్ దాటి ఏ దిక్కుకు వెళ్లినా రోడ్డుకు రెండు పక్కలా మొక్కజొన్న, సోయా చేలే. సెప్టెంబరు, అక్టోబరుల్లో కోతలు సాగుతాయి. యంత్రాలు గింజను వేరు చేసి తీసుకుని, కండెలను ముక్కలుగా చేలోనే వదిలేస్తాయి. యంత్రానికి అందని పొత్తులు కొన్ని చేల అంచుల్లో మిగులుతాయి. తెలిసిన రైతును అడిగి వాటిని తెచ్చుకుంటాం. ఇంటిల్లిపాదీ కూర్చుని గింజలు ఒలుస్తాం. మిగిలిన కండెలతో నేను పెన్నులు చేస్తాను.

కండె ఒక్కటే లేత్ (తిప్పుతూ చెక్కే యంత్రం) మీద నిలవదు. మధ్యలో బెండు, చుట్టూ గుంటలు. ఉలి తగలగానే పొట్టుపొట్టుగా రాలిపోతుంది. అందుకే దాన్ని మూసలో పెట్టి చుట్టూ ఎపాక్సీ రెజిన్ పోయాలి. రెజిన్ గుంటల్లోకి దిగి గట్టిపడితే కండె, రెజిన్ కలిసి ఒకే కడ్డీ అవుతాయి. పెన్నుల పనిలో ఉన్నవాళ్లు దీన్నే బ్లాంక్ అంటారు. మామూలు పెన్నుకు ముప్పావు అంగుళం మందం, ఐదారు అంగుళాల పొడవు ఉంటే చాలు. కండె పెట్టిన అంత మూసకు 50 మిల్లీలీటర్ల లోపు రెజిన్ చాలు.

మూసకు ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. కూరగాయలు తరిగే తెల్లటి ప్లాస్టిక్ పలకను పట్టీలుగా కోసి, తొట్టిలా స్క్రూలు బిగిస్తే సరిపోతుంది. ఆ పలకలు ఎక్కువగా పాలీఎథిలీన్‌తో చేసినవి. ఎపాక్సీ దానికి అంటుకోదు. స్క్రూలు విప్పితే కడ్డీ శుభ్రంగా ఊడి వస్తుంది, మూస మళ్లీ పనికొస్తుంది. సిలికాన్ మూసలైతే వంచి తీసేయవచ్చు.

అసలు పని రెజిన్ కలపకముందే ఉంది. కండెలో తేమ మిగిలితే రెజిన్ సరిగా పట్టదు, బుడగలు లేస్తాయి. నేను ఓవెన్‌లో సుమారు 105 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆరబెట్టి, మధ్యమధ్య తూకం వేస్తాను. బరువు తగ్గడం ఆగిందంటే నీరు పోయినట్టే. ఈ సంగతి చెబితే రైతు ముఖం వెలిగింది. ఆయనకూ తేమతోనే పని. కోసిన గింజలో తేమ 15 శాతం దగ్గరికి దిగితేనే నిల్వకు, అమ్మకానికి అనువు. అంతకన్నా ఎక్కువుంటే ఆరబెట్టే ఖర్చు మీద పడుతుంది. ఆ రోజు గట్టు మీద నిలబడి తేమ గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఏళ్ల తరబడి కారు అద్దంలోంచి చూసిన చేను నాకు అప్పుడే దగ్గరైంది.

ఎపాక్సీ రెండు సీసాల్లో వస్తుంది, రెజిన్, హార్డెనర్. సీసా మీద చెప్పిన పాళ్లు తప్పకూడదు. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. జతకు రెజిన్ దొరకని హార్డెనర్ అలాగే మిగిలి కడ్డీ మెత్తబడుతుంది. జనవరిలో మా గరాజ్ గడ్డకట్టే చలిలో ఉంటుంది. ఆ చలికి రెజిన్ ముదురు పాకంలా చిక్కబడి గాలిని వదలదు. సీసాలను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే పలచబడుతుంది. కలిపాక కప్పులోనే ఉంచితే తనలో పుట్టిన వేడికి తానే త్వరగా బిగుస్తుంది కాబట్టి వెంటనే మూసలోకి పోయాలి. కండె తేలికది, పైకి తేలుతుంది. అడ్డంగా పుల్ల పెట్టి అదిమి ఉంచాలి.

బుడగలు పోవడానికి కొందరు ప్రెషర్ పాట్ వాడతారు. 60 పీఎస్‌ఐ పీడనంలో బుడగ దాదాపు ఐదో వంతుకు కుంచించుకుపోతుంది. రెజిన్ గట్టిపడే వరకు ఆ పీడనం నిలవాలి. ఇందుకు ఆ పీడనానికి తగ్గట్టు తయారైన పాత్రే ఉండాలి. ఇంట్లోని ఏ పాత్రతోనూ ప్రయోగం చేయకూడదు. అది లేనివాళ్లు నిదానంగా గట్టిపడే ఎపాక్సీ ఎంచుకుంటే బుడగలు పైకి రావడానికి వ్యవధి ఉంటుంది.

రంగుకు నేను వాడేది అభ్రకం పొడి. మాది గూడూరు వైపు. నెల్లూరు జిల్లా పచ్చ అభ్రకానికి పేరు. ఒకప్పుడు విద్యుత్ పరికరాల్లో ఇన్సులేషన్‌కు మా గనుల అభ్రకం దేశదేశాలకు వెళ్లింది. చిన్నప్పుడు దారిలో దొరికిన రేకులను పొరలు పొరలుగా ఒలిచేవాళ్లం. ఇప్పుడు డబ్బాల్లో కొనే ముత్యపు మెరుపు పొడి కూడా అభ్రకమే, పైన టైటానియం డయాక్సైడ్ పలుచని పూత ఉంటుంది. ఆ పూత మందాన్ని బట్టి మెరుపు రంగు మారుతుంది. మా అమ్మాయికి ఈ సంగతి చెప్పి, పొడిని తనతోనే తూకం వేయిస్తాను. “నాన్నా, మీ ఊళ్లో ఇది నేల మీదే దొరికేదా?” అని అడుగుతుంది. మా ఊరి గురించి తనంతట తాను అడిగే ప్రశ్నలు ఇలా పనిలోనే వస్తాయి.

గట్టిపడిన కడ్డీ నడిమధ్యలో రంధ్రం వేస్తే మెత్తటి బెండు చాలావరకు పోతుంది. అక్కడే ఇత్తడి గొట్టం అతికిస్తాం. లేత్ మీద తిప్పుతూ చెక్కితే గింజలు కూర్చున్న గూళ్లు ఒక్కొక్కటీ వరసగా బయటపడతాయి, వాటి నిండా రంగు రెజిన్. తడి గరుకు కాగితంతో రుద్దితే మెరుపు వస్తుంది. చేతికి నైట్రైల్ గ్లవ్స్, గదికి గాలి, చెక్కేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఎపాక్సీ తరచూ చర్మానికి తగిలితే ఎలర్జీ వచ్చి జీవితాంతం వదలకపోవచ్చు.

పెన్ను మనవాళ్లు గౌరవించే వస్తువు. రాజమండ్రిలో కె.వి. రత్నం గారు చేసిన స్వదేశీ పెన్ను అందుకుని గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. ఉన్నచోటి చేతులతో చేసిన వస్తువుకు ఉండే విలువ అది. అమెరికాకు వచ్చిన మనం ఇళ్లు కొన్నాం, గుళ్లు కట్టుకున్నాం. కానీ మనం నివసించే నేల మీద ఏం పండుతుందో, ఏ చెట్టు పెరుగుతుందో చాలామందికి తెలియదు. దాన్ని చేత్తో పట్టి పనిచేస్తేనే తెలుస్తుంది.

డల్లాస్‌లో ఉన్నవాళ్లకు మెస్కీట్ చెట్టుంది, మన సర్కారు తుమ్మకు అది దగ్గరి చుట్టం. దాని పగుళ్లలో రెజిన్ పోస్తే అందమైన బ్లాంక్ అవుతుంది. సియాటిల్‌లో మేపుల్, మిషిగన్‌లో చెర్రీ ఉన్నాయి. లేత్ లేకపోయినా పర్వాలేదు, మూస పోసే వరకు మీరు చేసి లేత్ ఉన్న మిత్రుడికివ్వండి. ఒక మూస, గ్రాము తేడా కూడా చూపే కాటా, చిన్న రెజిన్ సీసాల జత చాలు. మీ చుట్టుపక్కల ఏ రైతునో, చెట్టు కొట్టే మనిషినో వెళ్లి పలకరించండి. కోతలు ముగిసి చలికాలం రాబోయే రోజులు చూసుకోండి. మొదలుపెట్టడానికి అదే అదను.